కుర్చీ జట్టు: కటుక్కుమన్న భుజం

రండి రండి, దగ్గరికి జరగండి. ఆ మూల గుసగుసలాడేవాళ్ళు ఆ కబురేదో ఇటొచ్చి గట్టిగా చెప్పండి, మేమూ వింటాం. లేదంటే మింగేయండి. ఫోన్లు ఒళ్ళో బోర్లా పడుకోబెట్టండి. దగ్గేవాళ్ళు ఇప్పుడే దగ్గేసుకోండి. కుర్చీ మెట్ల మధ్యలో ఉన్నప్పుడు మీరు దగ్గి, అది కాస్తా జారిందంటే నాకు సంబంధం లేదు. అయిందా? ఆ వెనకాయన ఇంకో దగ్గు దాచుకున్నట్టున్నాడు. కానివ్వండి బాబూ, మీ కోసమే ఆగాం. ఆ, ఇప్పుడు మొదలుపెడదాం.

పోయినవారం రానివాళ్ళకి గబగబా చెప్పేస్తా. మన మెట్లక్క పెట్టిన జట్టు కుర్చీ జట్టు. లిఫ్టు లేని బిల్డింగుల్లో పైన ఉండిపోయి, కాళ్ళు కదలక వీధి మొహం చూడనివాళ్ళు ఉంటారే, వాళ్ళని కుర్చీలో కూర్చోబెట్టి కిందికి తెస్తారు. ఆస్పత్రికో, మనవరాలి స్కూల్లో నాటకానికో, ఊరికే ఎండలో కూర్చోడానికో. డబ్బూ గిబ్బూ ఏమీ లేదు, అంతా ఊరికే. కుర్చీకి రెండు పక్కలా పొడుగు కర్రలు. ముందు ఇద్దరు, వెనక ఇద్దరు మోస్తారు. ముందువాళ్ళు కుర్చీ వైపు తిరిగి వెనక్కి వెనక్కి దిగుతారు. వెనకవాళ్ళకి కుర్చీయే అడ్డం. అంటే నలుగురికీ కాలి కింద ఏముందో సరిగ్గా కనపడదన్నమాట.

అందుకని మెట్లక్క. ఆవిడ మొయ్యదు, పిలుస్తుంది. "మెట్టు" అంటే ఒక మెట్టు దిగాలి. "మలుపు" అంటే తిరగాలి. "నేల" అంటే అడుగుకొచ్చేశాం. ఆవిడ పిలవకుండా కాలు కదపకూడదు, ఆవిడ చెప్పకుండా కుర్చీ దించకూడదు. ఆవిడ కూడా అందరికంటే ముందు, వెనక్కి నడుస్తూనే దిగుతుంది, మెట్ల వంక చూడనే చూడదు. మడమతో అంచు తడిమి పిలుస్తుంది. కళ్ళు మాత్రం కుర్చీలో మనిషి మొహం మీదే. "భయపడేవాళ్ళకి ఎదురుగా ఒక నవ్వుమొహం ఉండాలి, నా వీపు చూసి వాళ్ళేం చేసుకుంటారు?" అంటుంది. మొగుడు పోయాక ఆవిడకి ఇల్లన్నా, సంసారమన్నా ఆ జట్టే.

ఈ జట్టుని సేవా సంఘాల ప్రాంతీయ నాయకత్వ సదస్సుకి పిలిచారు. చుట్టుపక్కల పేటల్లో ఇలా మంచి పనులు చేసే చిన్నా చితకా సంఘాల వాళ్ళందరినీ ఒకచోట కూర్చోబెట్టి, నాయకుడంటే ఎలా ఉండాలో నేర్పిస్తారట. మెట్లక్క, ఆవిడ తమ్ముడి భార్య, అంటే మరదలు, రిటైరైన బస్సు డ్రైవరు హారన్ బాబాయ్, పెయింటర్ అన్నదమ్ములు, అందరూ కుర్చీతో సహా బస్సెక్కారు. కండక్టరు కుర్చీకి టికెట్టు కొట్టాడు. కొట్టి, "ఉన్నది ఒక్కటే సీటు, టికెట్టున్నది కుర్చీకి, దాన్ని కూర్చోనివ్వండి" అన్నాడు. దారి పొడుగునా కుర్చీ కూర్చుంది, మనుషులు నిలబడ్డారు. అదంతా చెప్పుకున్నాం.

మూడో అంతస్తులో హాలు. ఏసీ ఎంత చలిగా పెట్టారంటే, ముందు వరసలో వాళ్ళు చప్పట్లు కొడితే ఆ చప్పుడు సగం హాలు దాకా వచ్చి, వణుక్కుంటూ ఓ ఖాళీ కుర్చీలో కూర్చుండిపోయింది. చొక్కా కాలర్‌కి మైకు తగిలించుకున్న ట్రైనింగాయన, మనం కాలర్ మైకు అని పిలుచుకుంటున్నాం కదా, ఆయన "అందరూ కళ్ళు మూసుకోండి" అన్నాడు. సరిగ్గా అక్కడ ఆపాం.

కాలర్ మైకు గొంతు మెత్తగా చేశాడు. "ఇప్పుడు నేనొక మాట అడుగుతా. ఎవరూ ఎవర్నీ చూడరు. నేనొక్కణ్ణే చూస్తా, చూసి మర్చిపోతా. మీ జట్టుకి నాయకుడు మారాల్సిన టైమొచ్చిందని మీ మనసులో ఎక్కడన్నా ఉంటే, చెయ్యెత్తండి."

మెట్లక్క ఏ పనీ సగంసగం చెయ్యదు. కళ్ళు మూసుకోమన్నారు, మూసుకుంది. రెప్పలు ఎంత గట్టిగా బిగించిందంటే కనుబొమలు దిగొచ్చి బుగ్గల మీద కూర్చున్నాయి, చెవులు రెండూ కాస్త ముందుకి జరిగాయి. పాపం ఏ సంఘంలో ఏ గొడవలున్నాయో అనుకుంది. ఎవడు పెత్తనం చేస్తున్నాడో, ఎవరి కడుపు మండుతోందో. మన జట్టుకి అలాంటి బెడద లేదు అనుకుంది. హాయిగా ఓ నిట్టూర్పు కూడా విడిచింది.

అప్పుడు ఎడమ పక్క నుంచి వినపడింది.

కటుక్.

ఆ చప్పుడు ఈ లోకంలో ఇంకెవరి ఒంట్లోనూ పుట్టదు. మరదలి కుడి భుజం అది. మాజీ కుస్తీ కోచ్‌ని దించిన రోజు పట్టేసింది. ఆ కోచ్ ఎంత బరువంటే, ఆయన్ని కిందికి తెచ్చాక బిల్డింగు తేలికైపోయి బెత్తెడు పైకి లేచింది, ఇంటాయన మెట్ల కింద ఇంకో మెట్టు కట్టించుకోవాల్సి వచ్చింది. ఆ రోజు నుంచి మరదలు చెయ్యి చెవి దాటి పైకెత్తితే చాలు, భుజంలో ఏదో గొళ్ళెం తీసినట్టు కటుక్కుమంటుంది. మొగుడికి కూడా తెలీదు ఆ సంగతి, ఆ మహానుభావుడు పడుకుంటే పక్కన బ్యాండుమేళం పెట్టినా లేవడు. తెలిసింది మెట్లక్కకే. సాయంత్రం పూట మరదల్ని ముక్కాలిపీట మీద కూర్చోబెట్టి, ఆ భుజానికి నొప్పుల మందు రాసేది ఆవిడే కాబట్టి.

తల గోక్కుంటోందేమో అనుకుంది మెట్లక్క. జుట్టు ముడి సరిచేసుకుంటోందేమో. ఏసీ గాలి మొహానికి కొడుతుంటే చెయ్యి అడ్డం పెట్టుకుందేమో. మనసుకి ఒక్కో సాకూ అందిస్తూనే ఉంది, మనసు ఒక్కోటీ తీసి పక్కన పడేస్తూనే ఉంది.

ఈలోపు కుడి పక్క కీచ్‌మంది. హారన్ బాబాయ్ కొత్త బూట్లు. బాబాయ్ చెయ్యెత్తాలంటే చెయ్యి ఒక్కటే లేవదు, మనిషి మొత్తం సీట్లోంచి కాస్త లేస్తాడు. జన్మంతా స్టీరింగు తిప్పిన ఒళ్ళు మరి. వెనక నుంచి పెయింటర్ అన్నదమ్ముల కుర్చీలు ఒకేసారి కిర్రుమన్నాయి. వాళ్ళు తుమ్మినా ఒకేసారి తుమ్ముతారు.

"థాంక్యూ. ఇక కళ్ళు తెరవండి" అన్నాడు కాలర్ మైకు.

మెట్లక్క కళ్ళు తెరిచింది. తెరిచేసరికి హాలు హాలంతా ఆవిడ వంకే చూస్తోంది. జబ్బు ముదిరిన మనిషిని చూసినట్టు తలలు పక్కకి వాల్చి మరీ చూస్తున్నారు. మరదలు మాత్రం ఒళ్ళో ఉన్న చేతులు చూసుకుంటోంది, ఆ చేతులు ఇంతకు ముందెప్పుడూ చూడనట్టు.

ముందు వరసలో వీధిపిల్లుల సంఘం ఆవిడ ఉంది. ఒంటి నిండా పిల్లి బొచ్చు, మనిషి మాత్రం మంచిది. వెనక్కి తిరిగి మెట్లక్క చెయ్యి పట్టుకుని, చెవిలో గొణిగింది.

"అమ్మా, మీరు నిజంగానే మూసుకున్నారా?"

"మూసుకోమన్నాడుగా."

"అయ్యో తల్లీ! అన్నాడని మూసేసుకుంటారా? ఎవరన్నా ఒక కన్ను కొంచెం తెరిచిపెట్టుకుంటారు. మా పిల్లులు నిద్రలో కూడా తెరుస్తాయి. హాల్లో అందరం చూశాం. మీరొక్కరే..." అంటూ ఆపేసింది.

"మావాళ్ళు ఎవరెవరెత్తారు?"

"అదిప్పుడెందుకమ్మా..."

"చెప్పండి."

"మీవాళ్ళా? అందరూ. ఈ పక్క ఈయనా, వెనక ఆ ఇద్దరూ. ముందెత్తింది మాత్రం ఆ అమ్మాయే. చక్కగా, స్కూల్లో ఆన్సరు తెలిసిన పిల్ల ఎత్తినట్టు ఎత్తింది."

మెట్లక్కకి తల కొట్టేసినట్టయింది. హాల్లో చెయ్యెత్తిన సంఘాలు ఇంకా ఉన్నాయి, కాదన్ను. కానీ నాయకురాలికి తప్ప ఊరందరికీ తెలిసిపోయిన జట్టు మాత్రం అదొక్కటే.

టీకి వదిలారు. మూడు వందల గొంతులు ఒక్కసారి బిస్కెట్ల మీద పడ్డాయి. మెట్లక్క అటు వెళ్ళలేదు. వెనక తలుపు తోసుకుని మెట్ల దగ్గరికి పోయింది. మనకి దిగులేస్తే ఏ వరండాలోకో పోతాం, ఆవిడకి మెట్లుంటే చాలు. కమ్మీ పట్టుకుని, కిందికి చూస్తూ నిలబడింది. నునుపు రాయి మెట్లు, అంచులకి నల్లటి రబ్బరు పట్టీ, అక్కడక్కడా ఊడిపోయి నాలుక బయటపెట్టి ఉంది.

తలుపు మళ్ళీ చప్పుడైంది.

"వదినా..."

మెట్లక్క తిరగలేదు. "భుజం ఎలా ఉంది?"

"భుజమా? బానే ఉంది."

"నొప్పిగా ఉంటే చెప్పు. సాయంత్రం ఇంకాస్త మందు పట్టిద్దాం. ఇందాక బాగా పైకెత్తావటగా."

మరదలు మెల్లగా, "నువ్వు కళ్ళు మూసుకునే ఉన్నావుగా" అంది.

"నేను మూసుకున్నా. నీ భుజం మూసుకోలేదు."

మరదలు గోడకి ఆనుకుంది. "ఎవరూ చూడరనుకున్నా వదినా. నిజంగా."

"ఎవరూ చూడకపోతే పొడవొచ్చా?"

"పొడవడమేంటి? ఆయన అడిగాడు, నా చెయ్యి..."

"లేచిందా? దానంతటదే లేచిందా? ఆ భుజం నాకు తెలీదూ! పై అరలో డబ్బా తియ్యమంటే ఏడుస్తుందది. దాన్ని అంత పైకి లేపాలంటే నువ్వెంత గట్టిగా అనుకుని ఉండాలి!" ఇటు తిరిగింది మెట్లక్క. మొహం ఎర్రగా కందిపోయింది, గొంతు మాత్రం పెరగలేదు. అదే భయం. ఆవిడ అరిస్తే ఎవరూ పట్టించుకోరు, అరవకపోతేనే ఆలోచించాలి. "ఏం చేశాను నిన్ను? తిట్టానా? కొట్టానా? ఈ జట్టులోకి నిన్ను తెచ్చిందెవరు? కర్ర పట్టుకోవడం నేర్పిందెవరు?"

"నువ్వే."

"మరి?"

మరదలు పై మెట్టు మీద కూర్చుండిపోయింది. "వదినా, పాటల టీచరమ్మని దించిన రోజు గుర్తుందా?"

"ఎందుకు గుర్తులేదు? బాబాయ్ చెప్పు జారింది. కుర్చీ ఒరిగింది. ఆవిడ కళ్ళద్దాలు కింద పడి ముక్కలైనాయి."

"చెప్పు జారలేదు."

"జారిందని ఆయనే చెప్పాడుగా!"

"ఆయన చెప్పాడు. నువ్వు 'నేల' అన్నావు వదినా. ఇంకో మెట్టుంది. నేల అన్నావు కదాని బాబాయ్ కాలు చదునుగా పెట్టాడు, కింద ఏమీ లేదు, గాలి."

"నేనా?" మెట్లక్క నవ్వింది. ఆ నవ్వు ఎవరికీ పనికిరాని నవ్వు. "నా మడమ తప్పు చెప్పదు."

"నీ మడమ నీతో మాట్లాడ్డం మానేసి చాలా రోజులైంది. షుగరు వదినా. మొన్నో సాయంత్రం మా ఇంట్లో నీ మడమలో డ్రాయింగ్ పిన్ను దిగి ఉంది. గది ఇటు నుంచి అటు తిరిగావు, టీ పెట్టావు, నా భుజానికి మందు రాశావు. నేను చూసి లాగేదాకా నీకు తెలీనే తెలీదు. పైగా 'ఎవరిదే ఈ పిన్ను?' అన్నావు."

మెట్లక్క కుడి కాలు ఎడమ కాలి వెనక్కి జరిగింది, దాక్కోడానికన్నట్టు.

తలుపు తోసుకుని హారన్ బాబాయ్ వచ్చాడు, చేతిలో టీ కప్పు. కుంటుతూ వచ్చాడు. ఆ బూట్లు ఆయనకి బిగుతు. టీచరమ్మ సంగతి అయ్యాక మెట్లక్కే నలుగురిలో నిలబెట్టి కడిగేసింది ఆయన్ని, "ఇంకోసారి చెప్పులతో వస్తే కర్ర ముట్టుకోనివ్వను" అని. మర్నాడే బూట్లు కొనుక్కుని వచ్చాడు మనిషి.

"అమ్మాయ్, టీ చల్లారిపోతోంది" అన్నాడు. ఆయన మామూలుగా మాట్లాడినా కింద వీధిలో బండివాళ్ళు పక్కకి తప్పుకుంటారు. అందుకే హారన్ బాబాయ్. ఇప్పుడు మాత్రం గొంతు బ్రేకేసినట్టుంది.

"బాబాయ్, నీ చెప్పు జారిందా లేదా?"

బాబాయ్ టీలోకి చూశాడు. "ఎందుకులే అమ్మా పాతవన్నీ..."

"జారిందా?"

"నా కాళ్ళకీ బూట్లు అలవాటవ్వాలిలే" అన్నాడు. టీ కప్పు కమ్మీ గోడ మీద పెట్టి, వెనక్కి వెనక్కి నడిచి తలుపులోంచి మాయమైపోయాడు. కీచ్ కీచ్ కీచ్ మని వెళ్ళడం మాత్రం అందరికీ వినపడింది.

మెట్లక్కకి ఏడుపు రాలేదు. ఏడుపు ముందు కోపాన్ని పంపించినట్టుంది, నువ్వెళ్ళి చూసిరా అని.

"సరే. తప్పు పిలిచా. మనిషిని కాదా? ఇంటికొచ్చి చెప్పొచ్చుగా. 'వదినా, నీ కాలు బాలేదు, డాక్టరుకి చూపిద్దాం, కొన్నాళ్ళు పిలవొద్దు' అని చెప్పొచ్చుగా. ఒక్కసారన్నా చెప్పావా?"

"చెప్తే వింటావా నువ్వు?"

"చెప్పి చూశావా? నేను విన్లేదా?"

మరదలు ఉన్న నిజమే చెప్పింది. "లేదు. చెప్పలేదు. భయమేసింది. నువ్వు ఏమవుతావోనని."

"భయం నాతోనా! కాలర్‌కి మైకు తగిలించుకుని, నా మొహం ఇవాళ పొద్దున్న చూసిన ఆయన ముందు మాత్రం భయం లేదు. మూడు వందలమంది ముందు లేదు. నా ఎదురుగా కూర్చుని, నేను మందు రాస్తుంటే 'ఇంకొంచెం కింద వదినా' అనడానికి నోరొచ్చింది, ఈ మాట అనడానికి రాలేదు. ఇవాళ చెయ్యెత్తావు బానే ఉంది. ఇవాళ్టిదాకా నా మాట మీదే దిగారుగా మరి? నా మీద నమ్మకం లేనివాళ్ళు నా పిలుపు మీద అడుగెలా వేశారు?"

మరదలు చెప్పకూడదనుకుంది. నోట్లోంచి జారిపోయింది.

"వెయ్యట్లేదు వదినా."

"ఏంటి?"

"నీ పిలుపు మీద వెయ్యట్లేదు. టీచరమ్మ రోజు తర్వాత మానేశాం. నేను భుజం మీదుగా వెనక్కి చూసుకుంటా. మెట్టు రాగానే వేలితో కర్ర మీద కొడతా. కర్రలోంచి వాళ్ళ చేతులకి తెలుస్తుంది. దాని మీదే దిగుతున్నాం."

"నేను పిలుస్తుంటే?"

"నువ్వు పిలుస్తావు. చాలాసార్లు సరిగ్గానే పిలుస్తావు. కానీ... మేం వినట్లేదు."

అదీ దెబ్బ. చెయ్యెత్తడం దీని ముందు ఎంత! ఎన్ని మెట్లు పిలిచి ఉంటుంది ఆవిడ ఇన్ని వారాల్లో! ఎన్నిసార్లు "చూశారా, నా పిల్లలు నా మాట జవదాటరు" అని కుర్చీలో ఉన్న ముసలివాళ్ళతో గొప్పలు పోయి ఉంటుంది! ఆవిడ అలా అంటుంటే ఆవిడ ముక్కు కిందే ఆ వేలు టక్ టక్ మని కొడుతూ ఉంది. ఆ నలుగురూ ఆవిడ మొహంలోకి చూసి నవ్వుతూ, చెవులు మాత్రం ఇంకెక్కడో పెట్టుకుని దిగుతూ ఉన్నారు.

"ఎవరి ఆలోచన?" అంది మెట్లక్క.

"నాదే."

ఈ మాటకి మెట్లక్క ఏమందో మనకి తెలిసేది. కానీ అప్పుడే తలుపు భళ్ళున తెరుచుకుంది.

సంగతేంటంటే, సదస్సు పెట్టిన సమాఖ్యకి ఓ చైర్మన్ గారున్నారు. కాలికి కట్టు. తొడ దగ్గర్నుంచి మడమ దాకా సిమెంటు స్తంభమే. ఆ కట్టు ఆ రోజే విప్పుతామని డాక్టరు టైమిచ్చాడు. కట్టు లోపల దురద ఆయన్ని ఎంత పీడించిందంటే, గోక్కోడానికి లోపలికి తోసిన స్కేళ్ళు, పెన్నులు, ఓ అల్లిక సూదీ తిరిగి బయటికే రాలేదు, నడిస్తే కాలు గిలక్కాయలా మోగుతోంది. పొద్దున లిఫ్టులో పైకొచ్చాడు. ఇప్పుడు లిఫ్టు మొరాయించింది. కింద కారు ఎదురుచూస్తోంది, డాక్టరేమో ఈ పూట దాటితే మళ్ళీ వచ్చేవారమే అన్నాడట.

"కుర్చీ జట్టు ఎక్కడ? కుర్చీ జట్టు!" అని హాలంతా గోల. కాలర్ మైకు మొహం వెలిగిపోయింది, ఇంత మంచి డెమో ఆయన డబ్బులిచ్చినా దొరకదు. చైర్మన్ గారిని కుర్చీలో కూర్చోబెట్టారు. కాలి కింద దిండు పెట్టారు. బెల్టు బిగించారు. జనం కమ్మీల పొడుగునా టీ కప్పులతో నిలబడిపోయారు.

నలుగురూ కర్రల దగ్గరికి వచ్చారు. మరదలూ, బాబాయ్ ముందు. అన్నదమ్ములు వెనక. మెట్లక్క తన చోట్లో, కిందికి రెండో మెట్టు మీద, కుర్చీకి ఎదురుగా నిలబడింది. ఎవరూ పొమ్మనలేదు, ఎవరూ రమ్మననూ లేదు.

"వదినా" అంది మరదలు, ఆవిడకి మాత్రమే వినపడేలా. "నీ కాలు..."

"ఎత్తండి" అంది మెట్లక్క.

ఎత్తారు.

"మెట్టు."

టక్.

అంతవరకు ఆవిడకి ఎప్పుడూ వినపడని చప్పుడది. గోటితో కర్ర మీద, పల్చగా. ఒకసారి తెలిశాక ఇంక ఆ చప్పుడు తప్ప ఏదీ వినపడలేదు. తన గొంతు కూడా వినపడలేదు.

"మెట్టు." టక్. "మెట్టు." టక్.

చైర్మన్ గారు ఆవిడ మొహంలోకి చూసి నవ్వాడు, ధైర్యం కోసం. మెట్లక్క కూడా నవ్వింది, అలవాటు కొద్దీ. నవ్వుతూనే నోరు మూసేసింది.

పిలవలేదు.

టక్‌మంది కర్ర. కుర్చీ ఓ మెట్టు దిగింది. టక్. ఇంకోటి. ఊగలేదు, ఒరగలేదు, నిండు గ్లాసు పట్టుకొచ్చినట్టు వస్తోంది. కుర్చీ మీద మీదికి వస్తుంటే ఆవిడా దిగాలి కదా, దిగింది. మడమ వెనక్కి పెట్టింది. మడమ కింద ఉన్నది మెట్టో, గాలో, దూదో ఆవిడకి తెలీదు. అయినా కాలు సరిగ్గానే పడింది. ఎలా పడింది? అప్పుడు అర్థమైంది ఆవిడకి. తన కాలు కూడా ఆ వేలి చప్పుడు వినే దిగుతోంది.

జనం చప్పట్లు మొదలుపెట్టారు. "ఆహా, మాటల్లేకుండానే! చూశారా కోఆర్డినేషన్!" అని కాలర్ మైకు పైనుంచి వివరిస్తున్నాడు.

మలుపు వచ్చింది. నలుగురూ చదును మీదికి వచ్చి కుర్చీ తిప్పుకుంటున్నారు. మెట్లక్క ఆగింది.

"దించండి" అంది.

చదును నేల. ఏ ప్రమాదమూ లేదు. దించితే పిల్లాడు కూడా దించొచ్చు. ఎవరూ దించలేదు. బాబాయ్ కళ్ళు మరదలి వేలి మీదికి వెళ్ళాయి. వెనక నుంచి అన్నదమ్ముల మెడలు రెండూ ఒకేసారి అటే తిరిగాయి. ఆ వేలు కర్రకి కాస్త పైన గాల్లో ఆగిపోయి ఉంది.

"దించండి అన్నా" అంది మెట్లక్క ఇంకోసారి. అరవలేదు. చప్పట్లు ఆగిపోయాయి.

"నువ్వొద్దంటే వేలితో కొట్టడం మానేస్తా వదినా" అంది మరదలు, కళ్ళల్లో నీళ్ళు తిరుగుతుంటే. "కానీ ఇంకా బోలెడు మెట్లున్నాయి. నీ మాట మీద దిగమంటే... నేను దిగలేను."

మెట్లక్క ఏం చేసిందో తెలుసా? కింది వరస మొదటి మెట్టు మీద, నట్టనడుమ, దారికి అడ్డంగా బైఠాయించింది. మోకాళ్ళ చుట్టూ చేతులు కట్టుకుంది.

"అయితే నన్ను తొక్కుకుంటూ దిగండి. లేదా నా మాట మీద దించండి. రెంటిలో ఏదో ఒకటి నా ఎదురుగా చెయ్యండి. వెనకాల కాదు."

కర్రలు పట్టిన చేతులు చెమటతో జారుతున్నాయి. మరదలి భుజం వణకడం మొదలైంది.

"అమ్మల్లారా, అక్కల్లారా" అన్నాడు చైర్మన్ గారు గాల్లో వేలాడుతూ, "నాయకత్వం సంగతి మీరూ మీరూ తేల్చుకోండి, ముందు నన్ను ఏదో ఒక నేల మీద..."

మెట్లక్క కదల్లేదు. వేలు వాలలేదు. కుర్చీ దిగలేదు. మెట్ల మీదున్న జనమంతా ఊపిరి బిగబట్టారు, ఆ బిగబట్టిన ఊపిరికి గోడలు రెండు పక్కలా లోపలికి వంగాయి. ఆ నిశ్శబ్దంలో, పై మెట్టు మీంచి వీధిపిల్లుల సంఘం ఆవిడ బిస్కెట్టు టీలో ముంచుకుంటూ కాలర్ మైకుని అడిగింది:

"చాలా బాగుందండీ ఈ సెషను. మా సంఘానికి గొడవ పడే టర్ను భోజనానికి ముందా, తర్వాతా?"